కరెంటును వడగట్టవచ్చునా?

సంగీతం వినేవారిలో ఒక తెగ ఉంది. పాట కంటే పాట పుట్టే పెట్టెల మీద వారికి మక్కువ ఎక్కువ. ఆ తెగలో నేనూ ఒక మూలన ఉన్నవాడినే గనుక ఈ మాట ఎగతాళిగా అనడం లేదు. వీరు మొదట స్పీకర్లు మారుస్తారు. తరువాత యాంప్లిఫయరు, ఆ తరువాత వాటిని కలిపే తీగలు. ఇక మార్చడానికి ఏమీ మిగలనప్పుడు దృష్టి గోడ మీది ప్లగ్గు మీద పడుతుంది. "అసలు వచ్చే కరెంటే శుభ్రంగా లేకపోతే ఎంత మంచి యాంప్లిఫయరైనా ఏం చేయగలదు?" అన్న ప్రశ్న అక్కడ పుడుతుంది. ప్రశ్న సహేతుకంగానే కనిపిస్తుంది. మన వీధుల్లో కరెంటు ఎలా వస్తుందో ఎరిగినవారికి మరీ సహేతుకంగా కనిపిస్తుంది. దానికి అంగడిలో దొరికే సమాధానం పేరు పవర్ కండిషనరు. వందల రూపాయల స్పైకు గార్డు మొదలుకొని లక్షలు పలికే నల్లని ఉక్కుపెట్టె దాకా ఈ జాతిలో అనేక రకాలున్నాయి.

ఈ పెట్టెల వల్ల మన ఇంటి సంగీతానికి నిజంగా ఒరిగేది ఏమిటన్నది ఈ టపా విషయం. అయితే ఆ ప్రశ్నలో రెండు వేరు వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. పాట ఇంకా బాగా వినిపిస్తుందా అన్నది ఒకటి. సామాను కాలిపోకుండా ఉంటుందా అన్నది రెండోది. అమ్మేవారు ఈ రెండింటినీ ఒకే మాటలో చుట్టి చెబుతారు. విడదీసి చూస్తే తప్ప మనకు తత్త్వం బోధపడదు.

మొదట పెట్టె మూత తీసి చూద్దాం. సాధారణమైన కండిషనరులో ఉండేవి రెండే రెండు సరంజామాలు. ఒకటి ఎమ్మోవీ అని పిలిచే జింకు ఆక్సైడు బిళ్ళ. మామూలు వోల్టేజి ఉన్నంతసేపూ అది నిద్రపోతూ ఉంటుంది. వోల్టేజి ఒక్కసారిగా మితిమీరి ఎగిసినప్పుడు మేల్కొని, ఆ ఉప్పెనను తనలోంచి పక్కదారి పట్టిస్తుంది. రెండోది వడపోత, అంటే కొన్ని తీగచుట్టలు, కొన్ని కెపాసిటర్లు. రేడియో తరంగాల వంటి అధిక పౌనఃపున్యాల రొదను ఇది తగ్గిస్తుంది. మన చెవికి అందే 20 హెర్ట్జుల నుంచి 20,000 హెర్ట్జుల మధ్య ఇలాంటి పెట్టెల్లో చాలావాటి వడపోత చేసేది బహు స్వల్పం. ఇంకా ఖరీదైన వాటిలో ఐసొలేషను ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. అన్నిటికంటే పైమెట్టులో ఉన్నవి వచ్చిన ఏసీని డీసీగా మార్చి, దానినుంచి మళ్ళీ సరికొత్త ఏసీని తయారుచేస్తాయి. ఆన్‌లైన్ యూపీఎస్ చేసే పనీ ఇదే.

ఇప్పుడు యాంప్లిఫయరు వైపు రండి. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటు నేరుగా పాటగా మారదు. మా చిన్నప్పుడు ఊళ్ళో మునిసిపల్ కుళాయి రోజుకు ఒక గంట వచ్చేది. మొదట ఎర్రగా, ఆ పైన బుసబుసలాడుతూ, చివరికి సన్నని ధారగా వచ్చేది. అయినా ఆ నీళ్ళు సంపులో పడి, తేరుకొని, మోటారుతో మిద్దె మీది టాంకుకు ఎక్కాక, స్నానాలగదిలో కుళాయి తిప్పినవాడికి వీధిలో కుళాయి ఎలా వచ్చిందో తెలిసేది కాదు. యాంప్లిఫయరులోనూ అటువంటి ఏర్పాటే ఉంది. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని తగ్గిస్తుంది, రెక్టిఫయరు దానిని ఒకే దిశకు మళ్ళిస్తుంది, ఆ వెనుక వేల మైక్రోఫారడుల కెపాసిటర్లు సెకనుకు 100 సార్లు నిండుతూ టాంకు పాత్ర వహిస్తాయి. టాంకులో మిగిలిన కొద్దిపాటి అలలను కూడా పాటలోకి రానీయకుండా తోసిపుచ్చేలా లోపలి సర్క్యూటును రూపొందిస్తారు. అంటే కండిషనరు చేస్తానంటున్న పనిని యాంప్లిఫయరు రూపకర్త తన పెట్టెలో ముందే చేసి ఉంచాడు. చేయకపోతే అది యాంప్లిఫయరే కాదు.

లో వోల్టేజి సంగతేమిటని అడుగుతారు. సాయంత్రం వీధంతా ఏసీలు వేసుకుంటే పాట నీరసపడదా? లెక్క వేసి చూడవచ్చు. రెగ్యులేటరు లేని మామూలు యాంప్లిఫయరులో సరఫరా వోల్టేజి 10 శాతం పడిపోతే దాని గరిష్ఠ శక్తి సుమారు 19 శాతం తగ్గుతుంది. వినడానికి ఇది ఘోరంగా ఉంటుంది గానీ, డెసిబెల్లుల్లో చెబితే ఒక్క డెసిబెల్లు కూడా కాదు. 230 కాస్తా 180కి పడినా రెండు డెసిబెల్లులకు కాస్త పైన, అంతే. పైగా ఆ తేడా గరిష్ఠ శబ్దంలో మాత్రమే బయటపడుతుంది. ఇంట్లో మామూలుగా పాట వినేటప్పుడు స్పీకరుకు సగటున చేరేది ఒక వాట్టు అటూ ఇటూ. 50 వాట్ల యాంప్లిఫయరుకు అది నిద్రలో చేసే పని.

ఇదంతా కాగితం మీది తర్కం, చెవి మాట వేరు అంటారు చెవులున్నవారు. మా బాబాయి అన్నదీ సరిగ్గా ఆ మాటే.

బాబాయిది తెనాలి. ఉద్యోగ విరమణ చేసి ఏళ్ళయింది. ఒకప్పుడు రేడియోలో భక్తిరంజని, కచేరీలు వస్తుంటే టేపు మీదికి ఎక్కించుకున్న క్యాసెట్లు ఆయన దగ్గర రెండు బీరువాలు ఉన్నాయి. వాటిని వినడం తప్ప ఆయనకు మరో వ్యసనం లేదు. రెండేళ్ళ కిందట ఎవరో చెప్పగా ఒక దుకాణం నుంచి పవర్ కండిషనరు తెప్పించాడు. ధర నలభై వేల పైచిలుకు. పదిహేను రోజులు వాడి చూసి, నచ్చితేనే డబ్బు కట్టవచ్చని దుకాణంవారి ఒప్పందం. పింఛను మీద బతికే మనిషికి నలభై వేలంటే మాటలు కాదు. నేను వెళ్ళేసరికి ఆయన ఆనందంలో తేలుతున్నాడు. "ఒరేయ్, తంబురా శ్రుతి చూడు, ఇన్నాళ్ళూ తెర వెనక ఉన్నట్టుండేది" అన్నాడు. నేను విన్నాను. నాకూ బాగానే వినిపించింది. అయితే ఇష్టమైన మనిషి పక్కన కూర్చొని ఇష్టంగా వినిపిస్తే ఏది బాగా వినిపించదు?

"బాబాయ్, డబ్బు కట్టే ముందు ఒక చిన్న ఆట ఆడదామా?" అన్నాను. ఆయనకు పంతం ఎక్కువ, వెంటనే ఒప్పుకున్నాడు. పక్కింటి కుర్రవాడిని పిలిచి పని అప్పజెప్పాం. ప్రతిసారీ మేమిద్దరం వరండాలోకి వెళ్ళాలి. అతను నాణెం ఎగరేసి, బొమ్మ పడితే కండిషనరులో, బొరుసు పడితే గోడ ప్లగ్గులో యాంప్లిఫయరును పెట్టి, తీగలన్నీ దుప్పటితో కప్పి, వాల్యూము కదపకుండా మమ్మల్ని లోపలికి పిలవాలి. బాబాయి తనకు బాగా తెలిసిన ఒకే కృతిని విని, ఏది ఏదో చెప్పాలి. ఇలా పదిసార్లు. పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. కాగితం తీసి చూస్తే ఆరు ఒప్పు, నాలుగు తప్పు.

ఆరు వచ్చాయంటే తేడా ఉన్నట్టే కదా అని బాబాయి వాదం. ఏమీ వినకుండా నాణెం ఎగరేసి చెప్పినా పదింట ఆరు గానీ అంతకుమించి గానీ ఒప్పు పడే అవకాశం నూటికి 38 పాళ్ళు. తొమ్మిదో పదో సరిగ్గా చెప్పి ఉంటే అది కాకతాళీయం అయ్యే అవకాశం నూటికి ఒక పాలు మాత్రమే, అప్పుడు నేను నోరు మూసుకొనేవాడిని. ఒక మనిషి ఒక మధ్యాహ్నం చేసిన పరీక్షతో లోకంలోని కండిషనర్లన్నిటికీ తీర్పు చెప్పడానికి వీల్లేదు. కానీ నలభై వేలు కట్టాలా వద్దా అన్న ఒక ఇంటి ప్రశ్నకు ఆ ఇంటి చెవులు చెప్పిన జవాబు అది. "తెర తొలగినట్టు" ఉన్నది అంత పెద్ద తేడా అయితే, దుప్పటి కప్పినంత మాత్రాన అది మాయం కాకూడదు.

అయితే మన ఇళ్ళల్లో పాటలోకి చొరబడే రొద బొత్తిగా భ్రమ అని నేననడం లేదు. రొద ఉంది. దాని పుట్టుక వేరు, మందు వేరు. స్పీకరులో ఎడతెగని "హుం" వినిపిస్తే అది చాలావరకు ఎర్తు లూపు. కేబుల్ టీవీ తీగ ఒక దారిన, ప్లగ్గు మరొక దారిన భూమిని తాకుతుంటే ఆ రెండు భూముల మధ్య ఉన్న స్వల్ప వోల్టేజి పాట తీగ గుండా ప్రవహిస్తుంది. కేబుల్ తీగ పీకి చూడండి. హుం ఆగిపోతే దొంగ దొరికినట్టే. సామానంతటినీ ఒకే బోర్డులో పెట్టడం, కేబుల్ దారిలో చిన్న ఐసొలేటరు పెట్టడం దీనికి చికిత్స. కండిషనరు దీనిని నయం చేయదు. రేడియోలో "జీ" మని గీర వస్తుంటే ఫాను రెగ్యులేటరును అనుమానించండి. తిప్పితే నునుపుగా తిరిగే పాత ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు తీసి, అంచెలంచెలుగా తిరిగే కెపాసిటరు రకం బిగిస్తే కొన్ని వందల రూపాయలతో ఆ గీర పోతుంది. కరెంటు పోయినప్పుడు మాత్రమే యాంప్లిఫయరు పెట్టె బుర్రుమంటుంటే ఆ ఇంట్లో ఉన్నది స్క్వేరు వేవు ఇన్వర్టరు. అక్కడ కావలసింది సైన్ వేవు ఇన్వర్టరు.

ఇక రెండో ప్రశ్న, కాపాడడం సంగతి. ఇది మన దగ్గర నిజంగా బరువైన ప్రశ్న. 2019 వేసవిలో హైదరాబాదులో మేముండే అపార్టుమెంటులో ఒక రాత్రి దీపాలు పట్టపగలులా వెలిగి, ఫాన్లు ఎగిరిపోతాయేమోనన్నట్టు తిరిగాయి. న్యూట్రల్ తెగింది. మూడు ఫేజుల సరఫరాలో ఫేజుకూ ఫేజుకూ మధ్య ఉండేది 400 వోల్టులు. న్యూట్రల్ ఉన్నంతవరకు ఇంటింటికీ 230 అందుతుంది. అది తెగిన మరుక్షణం, వేరు వేరు ఫేజుల మీది ఇళ్ళు ఒకదానికొకటి దండ గుచ్చినట్టు కలిసి ఆ 400ను పంచుకుంటాయి. ఎక్కువ కరెంటు వాడుతున్న ఇంటికి తక్కువ వోల్టేజి, తక్కువ వాడుతున్న ఇంటికి ఎక్కువ. మా ఇంట్లో స్పైకు గార్డులోని ఎమ్మోవీ నల్లగా మాడి పగిలింది, సెట్‌టాప్ బాక్సు పోయింది. ఎదురింటివారి ఫ్రిజ్ పోయింది.

స్పైకు గార్డు ఉండీ ఎందుకు ఆపలేకపోయింది? సెకనులో లక్షల వంతుల పాటు ఎగిసే ఉప్పెన కోసం పుట్టినది ఎమ్మోవీ. నిమిషాల తరబడి నిలిచే హై వోల్టేజిని మింగబోతే అది తానే కాలిపోతుంది. వేల రూపాయల కండిషనరులోని బిళ్ళా, వందల రూపాయల గార్డులోని బిళ్ళా ఒకే కులం. దెబ్బ తిన్న ప్రతిసారీ అది కొంత బలహీనపడుతుంది కూడా. అందుకే దానికి ఆయుర్దాయం ఉంటుంది. చాలా గార్డుల మీద వెలిగే ఎర్ర దీపం కరెంటు వస్తోందని చెబుతుందే గానీ, లోపలి బిళ్ళ బతికి ఉందని చెప్పదు. న్యూట్రల్ తెగిన ప్రమాదానికి విరుగుడు మెయిన్ బోర్డులో బిగించే ఓవర్, అండర్ వోల్టేజి కటాఫ్. వోల్టేజి హద్దు దాటగానే అది ఇంటి మొత్తానికీ సరఫరా తెంచేస్తుంది. పాటల పెట్టెతో పాటు ఫ్రిజ్, మోటారు, పిల్లల కంప్యూటరు కూడా దాని నీడలో ఉంటాయి. ఖరీదైన కండిషనర్లలో కొన్నిటికి ఈ ఏర్పాటు లోపలే ఉంటుంది, అది మెచ్చుకోదగినదే. కాని దాని నీడ దానికి తగిలించిన సామాను వరకే.

పిడుగుల సంగతి వేరే చెప్పాలి. దూరాన పడిన పిడుగు వల్ల తీగల్లో పుట్టే ఉప్పెనను మెయిన్ బోర్డులోని సర్జ్ ప్రొటెక్టరు చాలావరకు భూమిలోకి పంపగలదు. దగ్గర్లో పడిన పిడుగును ఏ పెట్టే ఆపలేదు. ఉరుములు మొదలు కాకముందే ప్లగ్గు, దానితోపాటు కేబుల్ తీగ పీకేయడమే శరణ్యం. మా నాయనమ్మ రేడియోకు చేసిన రక్షణ ఇదే. దీనికంటే గొప్ప సర్జ్ ప్రొటెక్టరును ఇంతవరకు ఎవరూ తయారుచేయలేదు.

"భూమిలోకి పంపగలదు" అన్నాను. ఆ భూమి ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. తెనాలిలో ఆ మధ్యాహ్నం నాణెపు ఆట ముగిసి భోజనాలకు కూర్చున్నాక పిన్ని మెల్లగా ఒక మాట అంది. "మీ బాబాయి కొత్త పెట్టె వచ్చినప్పటినుంచీ తడిగుడ్డతో ఆ సామాను తుడుస్తుంటే వేళ్ళు జివ్వుమంటున్నాయిరా. చెబితే నవ్వుతాడు." నాకు మాత్రం నవ్వు రాలేదు. మల్టీమీటరు తెప్పించి ఊరి ఎలక్ట్రీషియను చేత చూపించాను. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 228 వోల్టులు, బాగానే ఉంది. ఫేజుకూ ఎర్తుకూ మధ్య రెండు వందల పైన ఉండవలసింది 120 లోపు చూపించింది. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య సున్నాకు దగ్గరగా ఉండవలసింది వంద దాటింది. ప్లగ్గులో మూడో రంధ్రం ఉంది గాని దాని వెనుక భూమి లేదు. పెరట్లో గచ్చు వేసినప్పుడు కొబ్బరిచెట్టు పక్కన ఉన్న ఎర్తు పైపు దగ్గర తీగ తెగిపోయి, దాని మీద నాపరాళ్ళు పరచేశారు. అది జరిగి ఎన్నేళ్ళయిందో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

కండిషనరు వచ్చాకనే వేళ్ళు జివ్వుమనడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. దాని వడపోతలో ఫేజు నుంచి ఎర్తుకు ఒకటి, న్యూట్రల్ నుంచి ఎర్తుకు ఒకటి చొప్పున చిన్న కెపాసిటర్లు ఉంటాయి. నిజమైన ఎర్తు ఉంటే వాటి గుండా వచ్చే రవ్వంత కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్తు లేనప్పుడు ఆ రెండింటి నడిమి బిందువు సరఫరాలో సగం, అంటే సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. ఆ బిందువు ఎర్తు పిన్ను ద్వారా యాంప్లిఫయరు రేకుకు చేరుతుంది. కరెంటు స్వల్పమే. 4.7 నానోఫారడుల కెపాసిటరుకు లెక్క వేస్తే మిల్లీఆంపియరులో మూడోవంతు. మనిషిని చంపదు, వేళ్ళను జివ్వుమనిపిస్తుంది. అయితే అసలు ప్రమాదం ఆ జివ్వు కాదు. కండిషనరులో తగిలించిన సామానంతటి ఎర్తు పిన్నులూ లోపల ఒకే పట్టీకి కలిసి ఉంటాయి. ఆ పట్టీకి భూమి లేకపోతే, రేపు క్యాసెట్ డెక్కులో ఒక తీగ ఊడి రేకును తాకిన రోజున 230 వోల్టులూ యాంప్లిఫయరు రేకు మీదికీ, మిగతా అన్నిటి మీదికీ వచ్చి కూర్చుంటాయి. తడిగుడ్డ పట్టుకున్న మనిషి ఆ వేళ ఎదురుగా ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పనక్కరలేదు.

రెండు రోజుల్లో పెరట్లో కొత్త గొయ్యి తీశారు. రెండున్నర మీటర్ల జి.ఐ. పైపు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, నీళ్ళు పోయడానికి పైన గరాటు పెట్టి, మెయిన్ బోర్డు దాకా కొత్త తీగ లాగారు. బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఒకటి, వోల్టేజి కటాఫ్ ఒకటి బిగించారు. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య మీటరు ఈసారి రెండు వోల్టులు చూపించింది. పిన్ని తడిగుడ్డతో తుడిచి చూసి "ఇప్పుడేం లేదు" అంది. మొత్తం ఖర్చు కండిషనరు ధరలో సగం కూడా కాలేదు. పెట్టెను దుకాణానికి తిరిగి పంపేటప్పుడు బాబాయి ముఖం కాస్త చిన్నబోయింది. ఆ తంబురా ఆయనకు నిజంగానే దగ్గరగా వినిపించి ఉంటుంది. పదిహేను రోజులు ఆయన అంత శ్రద్ధగా చెవి ఒగ్గి విన్నాడు మరి.

కండిషనరు ఎవరికీ అక్కరలేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. సరఫరాలో కాస్త డీసీ కలిసినప్పుడు పెద్ద టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్లు గదికి వినిపించేలా గుంయ్యిమంటాయి. దానిని ఆపే సాధనాలున్నాయి, అవి పని చేస్తాయి. రేడియో ప్రసార టవరు పక్కన ఇల్లున్నవారికి వడపోత ఉపకరించవచ్చు. రికార్డింగు స్టూడియోలకు వేరే అవసరాలుంటాయి. కానీ ఆ అవసరాలన్నీ చెవికి వినిపించే రోగంతో మొదలవుతాయి. రోగం లేకుండా మందు కొనడం వేరు.

మీకూ ఇటువంటి పెట్టె కొనాలన్న కోరిక ఉంటే, ఆ డబ్బును ఈ వరుసలో ఖర్చు పెట్టి చూడండి. మొదట ఎలక్ట్రీషియనును పిలిచి ఎర్తు చూపించండి. మీటరుతో మీరే ప్లగ్గులో చేతులు పెట్టకండి. ఆ తరువాత మెయిన్ బోర్డులో ఆర్.సి.సి.బి., వోల్టేజి కటాఫ్, పిడుగులు ఎక్కువ పడే ఊరైతే సర్జ్ ప్రొటెక్టరు. ఆ తరువాత ఒక మంచి స్పైకు గార్డు. కొన్నేళ్ళకొకసారి దానిని మార్చండి. హుం ఉంటే దాని పుట్టుక వెతకండి. ఇన్ని చేశాక కూడా డబ్బు మిగిలి, కోరికా మిగిలితే, పదిహేను రోజుల ఒప్పందం మీద తెచ్చుకొని, నాణెమూ దుప్పటీ సిద్ధం చేసుకోండి. పదింట తొమ్మిది చెప్పగలిగితే నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

ఎండాకాలంలో ఎర్తు గొయ్యిలో వారానికి రెండు బిందెల నీళ్ళు పోయడం మాత్రం మరవకండి.